ముళ్ళు తీసిన బలుసు

నేను అక్షరాలు నేర్చుకున్నది నా మనవరాలు బడికి పోయే వయసు వచ్చాక. ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతాను. అందుకే ఇంట్లోకి వచ్చిన ఏ కాగితాన్నీ వదలను. మొన్న కిరాణా కొట్టు నుంచి పల్లీలు కట్టుకొచ్చిన పొట్లం విప్పి, సాపు చేసి చదివితే, ఎక్కడో దూరదేశపు ఎడారి కొండల సంగతి ఉంది. ఆ కొండల మీద ఒకప్పుడు అడవి గొర్రెలు ఉండేవట. వేటకూ రోగాలకూ పోయాయట. మళ్ళీ వేరేచోటి నుంచి తెచ్చి వదిలారట. వదిలినవాళ్ళు దూరాన కూర్చుని దుర్భిణి పెట్టి చూస్తున్నారట: ఏ ఆకు తింటున్నాయి, ఏది ముట్టడం లేదు, కింద పుట్టిన పిల్లలు కొండ మీద మేయడం ఎవరిని చూసి నేర్చుకుంటున్నాయి అని. కాగితం అక్కడ చినిగిపోయింది. చివరికి అవి ఏం తిన్నాయో నాకు తెలియలేదు.

ఇంకెవరైనా చదివితే ముచ్చటపడి ఉందురు. నాకు కడుపు మండింది. నా తోడికోడలు గుర్తొచ్చింది.

మాది గొర్రెల ఇల్లు. పెన్‌పహాడ్ వైపు, సూర్యాపేటకూ మిర్యాలగూడకూ నడుమ. సాగర్ కాలువలు రాని రోజులవి. చుట్టూ ఎర్ర చెలకలు, ఊరికి పడమట రాళ్ళ గుట్ట. వానలు వెనక్కి పోయాక ఆ గుట్ట మీద పచ్చనిది కనబడాలంటే వెతుక్కోవాలి. అయినా మా మామ, ఆయన తండ్రి, అంతకుముందువాళ్ళు అందరూ ఆ గుట్టనే నమ్ముకుని నల్ల గొర్రెల్ని సాకారు. ఉన్ని కత్తిరించి గొంగళ్ళు నేయించి సూర్యాపేట అంగట్లో అమ్మేవాళ్ళు.

నా పెండ్లికి మా అమ్మ ఒక గొర్రెను అరణం ఇచ్చింది. ఆడబిడ్డ వెంట పుట్టింటివాళ్ళు పంపే జీవాన్ని అరణం అంటాం. అది ఆ పిల్లదే. మొగుడు కూడా ఆమెను అడగకుండా దాన్ని అమ్మడు. ఒళ్ళంతా నలుపు, నొసట అరచేయంత తెల్ల మచ్చ. బొల్లి అని పిలిచేదాన్ని.

అత్తగారింటికి వచ్చిన కొత్తలో బొల్లి మేత ముట్టలేదు. నేనూ అన్నం సరిగ్గా ముట్టలేదు. మా మామ మమ్మల్నిద్దరినీ చూసి నవ్వాడు.

“రెండూ ఒక్క తీర్గనే ఉన్నయి. గుట్ట మీదికి తోలుకపో బిడ్డా, తిరిగితె రెండిటికీ ఆకలైతది.”

అలా ఆ గుట్టను నేనూ అదీ కలిసి నేర్చుకున్నాం. అది ముందు, నేను వెనక. ప్రతి పొద దగ్గరా ఆగేది. వాసన చూసేది. ఒక ఆకు కొరికి, నమిలి, కాసేపు ఊరుకునేది. కడుపు ఏమీ అనకపోతే మర్నాడు రెండాకులు. తంగేడును ముక్కుతో తోసేసి పోయేది. రేగు చిగురు తినేది, కాయ రాలితే గింజ ఉమ్మేసేది. గాలి ఎటు నుంచి వస్తే అటు ముఖం పెట్టి మేసేది. ఎండ ముదిరితే మిగతా గొర్రెల్లాగా ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చక, గుట్ట నడినెత్తిన, నడికొప్పున ఉన్న రెండు బండల సందులోకి పోయి నిలబడేది. ఆ సందు పక్కనే బలుసు పొద ఉండేది. నడి వేసవిలో కూడా దాని ఆకు పచ్చగా ఉంటుంది. దాని ముళ్ళు మాత్రం సూదుల్లా ఉంటాయి. మిగతా గొర్రెలు ఆ పొద జోలికి పోయేవి కావు. బొల్లి మాత్రం మెడ ఒక పక్కకు వంచి, పైపెదవి ముందుకు సాచి, రెండు ముళ్ళ నడుమ నుంచి ఒక్కో ఆకూ తెంపేది. ఒక్క ముల్లు గుచ్చుకునేది కాదు. తిన్నాక బండ కింద చౌడుమన్ను నాకేది. నేను కూడా అదే పొదలో ఆకు కోసుకుని ఒడిలో వేసుకుని వచ్చి కూర వండేదాన్ని. గుట్ట మీద ఆకలి తీరే దారి నాకు చూపించింది అదే.

ఆ తర్వాత గడబిడ రోజులు వచ్చాయి. తుపాకులు పట్టుకుని తిరిగేవాళ్ళు ఒకళ్ళు పోతే ఇంకొకళ్ళు వచ్చేవాళ్ళు. ఎవళ్ళు వచ్చినా ఒకటే, దొడ్లో నుంచి గొర్రెల్ని లాక్కుపోయి కోసుకుని తినేవాళ్ళు. ఇట్లయితే మంద మిగలదని మా మామ ఒక ఆలోచన చేశాడు. మా మరిదికి ఆ ఏడే పెండ్లయింది. పిల్లది కోదాడ అవతలి ఊరు. పాలేరు ఏటి పక్కన, చెరువు కింద వరిపొలాలున్న ఊరు. ఆ గడబిడ అక్కడ అంతగా లేదు. మందను అక్కడికి తోలుకుపొమ్మని మరిదినీ ఆ పిల్లనూ పంపాడు. నేను అప్పుడు నిండు చూలాలిని. అంతదూరం నడవలేను. నన్నూ నా భర్తనూ మిర్యాలగూడలో మా చిన్నమ్మ ఇంటికి పొమ్మన్నాడు.

మంద కదిలే పొద్దు నా తోడికోడలి చేయి పట్టుకుని చెప్పాను.

“చెల్లె, బొల్లికి చేతితోటి ఏం పెట్టకు. అది ఏరుకొని తింటది. దాని తిండి దానికి ఎరుక.”

“సరేలే అక్కా. నా ప్రాణంలాగా చూసుకుంటాగా,” అంది. ఎర్రగా, సన్నగా ఉండేది. నవ్వితే బుగ్గలు సొట్టలు పడేవి. ఆ ప్రాణం అన్న మాట నాకు నచ్చలేదు. నా గొర్రెకు ఆమె ప్రాణమెందుకు?

మిర్యాలగూడలో ఒక కోమటి షావుకారి ఇంట్లో వడ్లు దంచే కూలి దొరికింది. నా బిడ్డ అక్కడే పుట్టింది. బిడ్డను నీడన పడుకోబెట్టి నేను దంచేదాన్ని, చెరిగేదాన్ని. చేట అంచు మీద తవుడు కుప్పపడేది. తియ్యటి వాసన. ఆ తవుడంతా షావుకారి బర్రెల కుడితికి పోయేది. ఆ వాసన నా జుట్టులో, నా బిడ్డ మెడమడతల్లో ఉండేది. చెరుగుతూ చెరుగుతూ బొల్లి ఇప్పుడు ఏ పొద కింద నిలబడి ఉందో అనుకునేదాన్ని. అక్కడ పొదలే లేవని నాకేం తెలుసు!

రెండు వానాకాలాలు గడిచాయి. సైన్యం వచ్చిందనీ నిజాం రాజ్యం పోయిందనీ చెప్పుకున్నారు. మేము ఊరికి తిరిగొచ్చి ఇంటి కప్పు మళ్ళీ వేసుకున్నాం. కొన్నాళ్ళకు ఒక పగటిపూట సూర్యాపేట దారిన దుమ్ము లేచింది. మా మంద. పోయిన దాంట్లో సగం కూడా లేదు. పెద్ద గొర్రెలు దాదాపు అన్నీ ఆ తడినేలలో గిట్టలు కుళ్ళి పోయాయట. మిగిలినవి ఎక్కువగా అక్కడ పుట్టిన పిల్లలే. ఆ గుంపు ముందు తెల్ల మచ్చ కనిపించింది.

బిడ్డను అత్త చేతుల్లో పెట్టి ఉరికాను. నాలుక అంగిట ఆడించి నేను పిలిచే పిలుపు పిలిచాను. “బొల్లీ! బొల్లీ!” అని అరిచాను.

అది తలెత్తి నన్ను చూసింది. దారిన పోయే మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత పక్కకు తిరిగి నా తోడికోడలి కుచ్చిళ్ళ వెనక్కి పోయి నిలబడింది.

“బంగారీ, ఎందుకే బెదురుతావు? అక్కే. అక్కను చూడవే!” అంది ఆమె, దాని చెవి నిమురుతూ. తర్వాత నాతో, “కొత్త కదక్కా, రెండు రోజులు పోతే దగ్గరికొస్తుందిలే,” అంది.

నేను కొత్త! నా గొర్రెకు నేను కొత్త! దానికి పేరు కూడా మార్చేసింది. మా అత్త పక్కన నిలబడి నవ్వింది.

“ఏమే, నీ గొర్రె కోదాడ కోడలైపోయింది గదనే?”

ఆ మాట ఆ రోజు నుంచీ నా చెవిలో ఉండిపోయింది.

మంద వచ్చిన మర్నాడు మంచు ఆరాక గుట్టకు తోలాం. అందరం వెంబడి పోయాం, సంబరంగా ఉంటుందని. రెండేళ్ళు ఏ నోరూ తగలక గుట్ట మీద గడ్డి నడుమెత్తు పెరిగింది. మా మరిది చూసి, “నాయినా, ఇంత మేతనా!” అని ఎగిరాడు. మా మామ ఒక పరక తుంచి చూసి పారేశాడు. గొర్రె ఎత్తు గడ్డి తినదు. నేలకు అంటుకుని ఉన్నదాన్ని గీరుకుని తింటుంది. పైగా ఆ గడ్డి వెన్ను వేసి ఉంది. దాని ముళ్ళు ఉన్నిలో దూరి తోలుదాకా పోతాయి.

అసలు తమాషా పిల్లలది. గుట్ట మొదట్లో బారుగా నిలబడి మా చేతుల వైపు చూడసాగాయి. ఎవరైనా కోసుకొచ్చి వేస్తారేమోనని. అవి పుట్టిన దగ్గర్నుంచీ వరిగడ్డీ పిల్లిపెసరా కట్టలు కట్టి ముందు వేస్తే తిన్నవి. రాయి ఎక్కడం తెలియదు. ముల్లంటే తెలియదు. ఒకటి జిల్లేడు ఆకు నోట పెట్టుకుంటే మామ పరుగెత్తి గుంజేశాడు.

నాకు నవ్వాగలేదు. “చెల్లె, ఇయి మీ పుట్టింటోళ్ళ లెక్కనే పీట ఏసి వడ్డిస్తె గాని తినవా?” అన్నాను.

“మా పుట్టింటోళ్ళు పీటేసి పెట్టబట్టేగా అక్కా ఇవన్నా మిగిలాయి,” అంది ఆమె. మాటకు మాట. ముఖం మీద మాత్రం అదే నవ్వు.

అప్పుడు బొల్లి కదిలింది. ఎత్తు గడ్డిని పక్కకు తోసుకుంటూ, పాత దారి ఎక్కడుందో కాళ్ళతో వెతుక్కుంటూ, ఆగుతూ, వాసన చూస్తూ పైకి పోయింది. దాని వెనక దాని రెండు పిల్లలూ పోయాయి. ఒకటి పోయినేటి ఆడది, ఒకటి ఇంకా చిన్నది. అవి పోతే తక్కినవి కదిలాయి. బొల్లి ఏది కొరికితే దాన్ని పిల్లలు వాసన చూసేవి. అది వదిలేసినదాన్ని అవీ వదిలేసేవి. మా మామ గొంగడి పరుచుకుని బండ మీద కూలబడ్డాడు.

“సూడుండ్రి. గుట్ట ఎరుకున్న నోరు మందల అదొక్కటే మిగిలింది. అది ఉంటె మంద ఉంటది. అది పోతె ఈ పిల్లలు ఈడ ఆకలికి సస్తయి.”

ఆ మాట నాకు పొంగు తెచ్చింది. నా గొర్రె! నేను వెనక నడిచి నేర్పించిన గొర్రె అనుకున్నాను, ఎవరికి ఎవరు నేర్పిందీ మరిచిపోయి. కానీ ఆ సాయంత్రం దొడ్డికి దిగగానే బొల్లి నేరుగా నా తోడికోడలి దగ్గరికే పోయింది. ఆమె చెంగు విప్పింది. చెంగులో తవుడు. కోదాడ నుంచి మూట కట్టుకుని తెచ్చుకుందట. బొల్లి కళ్ళు మూసుకుని నాకింది. నేను రెండేళ్ళు షావుకారి బర్రెల కోసం చెరిగిన తవుడు. ఆ వాసన నాకు ఎంత దూరం నుంచైనా తెలుసు. నా ఒంటికి అంటుకుని ఉన్న వాసన అది. అయినా అది నన్ను కాదు, ఆమెను వెతుక్కుంటూ పోయింది.

ఆ తర్వాత రోజూ అదే. పగలంతా నేను గుట్ట మీద బొల్లి వెనక ఎండలో నడిచేదాన్ని. పొద్దు వాలాక అది ఆమె చేతిలో మూతి పెట్టేది. నేను పిలిస్తే చెవి కూడా కదిలించేది కాదు. ఆమె “బంగారీ, రావే” అంటే ఎంత దూరంలో ఉన్నా తలెత్తేది. రావే అనే ఆ సాగదీత నాకు రాదు. మా దిక్కున రాయే అంటాం, తుంచినట్టు. దొడ్డి వెనక ఎవరూ లేనప్పుడు ఆమెలాగా అనడానికి ప్రయత్నించి చూశాను. నా నోట్లో అది వెక్కిరింతలా వచ్చింది.

అన్నం తింటున్నా ఆమె చేతుల వైపే చూసేదాన్ని. సన్నటి వేళ్ళు. గొర్రె మూతి తడి ఆరిన వేళ్ళు. నా భర్త ఒకరోజు, “ఏంది, గట్ల సూస్తున్నవ్? కూర బాగలేదా?” అన్నాడు. కూర ఆమె వండింది. బాగుంది. అదీ నాకు ఓర్వరానిదే.

ఎండాకాలం ముందు మా మరిది వేరుపడతానన్నాడు. భార్య ఊరికి పోయి అక్కడే ఉంటాడట. అక్కడ నీళ్ళున్నాయి, మామగారి పొలం పక్కన దొడ్డి వేసుకోవచ్చు. మా మామ కాదనలేదు. మందను పంచడంలో పేచీ రాలేదు. ఒకటి అటు, ఒకటి ఇటు. బొల్లి దగ్గర ఆగింది.

“అది నా అరణం,” అన్నాను. “దాని మీద ఇంకొకరి మాట ఉండది.”

నా తోడికోడలు ఎప్పుడూ గొంతెత్తేది కాదు. ఆ రోజు ఎత్తింది.

“అరణం నీదే అక్కా, కాదన్నానా? పిల్ల అడ్డం తిరిగి చచ్చిపోతుంటే మోచేతిదాకా చెయ్యిపెట్టి తీసింది ఎవరు? గిట్టలు కుళ్ళితే పొద్దూ సాయంత్రం వేపాకు నీళ్ళతో కడిగింది ఎవరు? పక్కన గొర్రెలన్నీ పడిపోతుంటే దీన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. ఇది నన్ను కన్నట్టే, నేను దీన్ని కన్నట్టే.”

“సాకితె కన్నట్టయితదా?” అన్నాను. “నేను నా బిడ్డను ఈపున కట్టుకొని ఒడ్లు దంచుకుంట దీన్నే యాదిజేసుకున్న.”

“యాదిజేసుకుంటె కడుపు నిండుతదా దానికి?” అంది మా అత్త మధ్యలో. ఎవరి వైపు అన్నదో ఇప్పటికీ తెలియదు. నన్ను అన్నట్టే తగిలింది.

మా మామ చాలాసేపు తల గోక్కున్నాడు. ఆయనకు ఇద్దరి మాటలూ నిజమే. బొల్లి అటు పోతే గుట్ట మీది మంద తెగిపోతుందనీ ఆయనకు తెలుసు. అలా అని నా పక్షం పలికితే చిన్నకోడలు ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కదు.

“ఇసొంటి తగువు తెగనప్పుడు మా తాతలు జీవాన్నే అడుగుతుండె,” అన్నాడు చివరికి. “రేపు మంచు ఆరినంక దొడ్డి తీస్త. ఇద్దరూ చెరో దిక్కు నిలబడుండ్రి. ఎవల ఒడిల ఏం పెట్టుకొస్తరో మీ ఇష్టం. పిలుసుడు గిలుసుడు లేదు. బొల్లి ఎవల ఒడిల మూతి పెడితె ఆళ్ళది.”

పిలుపు లేదన్నందుకు నాకు కొంచెం ఊపిరి వచ్చింది. పిలిచే పోటీ అయితే ఓడిపోయినట్టే.

ఆమె ఏం తెస్తుందో నాకు తెలుసు. తవుడు. ఇక నేను తెచ్చేది దాని మనసు కరిగించేదై ఉండాలి. ఆ మధ్యాహ్నమే గుట్టెక్కాను. నడికొప్పున రెండు బండల సందు పక్క బలుసు పొద దగ్గర కూర్చున్నాను. లేత కొమ్మలు ఏరి ఏరి కోశాను. వేళ్ళంతా రక్తం. అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. తవుడు మెత్తగా ఉంటుంది కదా. ఆమె చేయి మెత్తన కదా. నాది అంతకంటే మెత్తగా ఉండాలి. ఇన్నేళ్ళూ అది మెడ వంచి, మూతి సాచి, కష్టపడి తిన్నదాన్ని నేను ఇప్పుడు ఒక్క ముల్లు లేకుండా పెట్టాలి. ఒక్కో ముల్లూ గోటితో గిల్లి తీశాను. ఆకు నలగకుండా తడిగుడ్డలో చుట్టి కుండలో దాచాను. అంత శ్రద్ధగా నా బిడ్డకు తల కూడా దువ్వలేదు. ఆమె చేయలేనిది నేను చేశాననుకున్నాను.

మర్నాడు మంచు ఆరింది. దొడ్డికి ఎడమపక్క ఆమె, కుడిపక్క నేను. ఆమె ఒడిలో తవుడు, నా ఒడిలో బలుసు. వెనక గుట్ట. ఊరివాళ్ళు కొందరు వచ్చి గోడల మీద కూర్చున్నారు. మామ తడిక తీశాడు.

బొల్లి ముందు వచ్చింది. వెనక దాని పిల్లలు. తవుడు వాసనకు పిల్లలు రెండూ అటు పరుగెత్తాయి. ఆమె ఒడి మీద పడి కుమ్ముకున్నాయి. బొల్లి కూడా అటే రెండు అడుగులు వేసింది. తర్వాత అది ఆగింది. ముక్కు ఎత్తింది. నా వైపు తిరిగింది.

ఒడి చాచాను. నోరు మూసుకునే ఉన్నాను, పిలుపు లేదు కదా. వచ్చింది. నా ఒడిలోకి మూతి తెచ్చింది. వాసన చూసింది. మెడ ఒక పక్కకు వంచి, పైపెదవి ముందుకు సాచింది, ముళ్ళ నడుమ నుంచి తెంపేటట్టు. పెదవికి ఏదీ అడ్డం తగలలేదు. మళ్ళీ వంచింది. మళ్ళీ సాచింది. ఏమీ లేదు. దానికి అది బలుసు కాలేదు. ఏదో రాలిపోయిన ఆకు. చేతులతో పెట్టే మేత. నా ముఖంలోకి ఒకసారి చూసి, నన్ను దాటుకుని, గుట్ట దారి పట్టింది. ఎవరూ తోలకుండానే పైకి, పైకి పోయి, రెండు బండల సందు పక్క నల్లటి చుక్కలా నిలబడింది. అక్కడ పొద కింద దాని మెడ వంగడం నాకు అంత దూరం నుంచి కూడా తెలిసింది.

గోడ మీదివాళ్ళు నవ్వారు. “ఇద్దర్నీ కాదన్నదిరా!” అన్నాడు ఎవరో.

మామ గొంగడి భుజాన వేసుకున్నాడు. “అది గుట్టను కోరుకున్నది. గుట్ట మీద ఎవలుంటరో బొల్లి ఆళ్ళది,” అన్నాడు.

నేను గెలిచానని అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. ఎంతసేపంటే, ఈలోగా నా తోడికోడలు నోరు తెరిచింది.

“అయితే నేనూ ఇక్కడే ఉంటా మామా. నాకు గుట్టెక్కటం రాదా?”

మరిది ముఖం చిట్లించాడు. ఆమె గుట్ట వైపు చూసింది, తర్వాత తన ఒడిలో మూతులు పెట్టిన పిల్లల వైపు చూసింది. తవుడు అయిపోయినా అవి ఆమె వేళ్ళు నాకుతున్నాయి. వాటిలో పెద్దది ఒక్కసారి కూడా గుట్ట వైపు తలెత్తలేదు.

“వీటికి రాయెక్కటం ఇంకా సరిగ్గా రాదు మామా,” అంది చివరికి. “వీటిని నాకివ్వండి. వాళ్ళమ్మ అక్క దగ్గరుంటుంది.”

మా అత్త కళ్ళు ఒత్తుకుంది. గోడ మీద ఆడవాళ్ళు “పెద్దమనసు, పెద్దమనసు” అన్నారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. గొర్రె నాకు వచ్చింది. మంచిపేరు ఆమెకు పోయింది. నేను గెలిచిన పొద్దున కూడా అందరూ చూసింది ఆమెనే.

వాళ్ళు పోయే రోజున ఆమె గుట్టెక్కలేదు. “చూస్తే పోలేనక్కా,” అంది. ఆమె వాటా గొర్రెల్ని తోలుకుని దుమ్ములో కలిసిపోయింది. పిల్లలు రెండూ ఆమె వెనకే, తిరిగి చూడకుండా.

ఆ సాయంత్రం బొల్లి కిందికి దిగలేదు. మంద అంతా దిగింది, అది బండల సందులోనే నిలబడి సూర్యాపేట దారి వైపు చూస్తోంది. పిల్లల కోసమో, ఆమె కోసమో. నా భర్త దొడ్డి తడిక పట్టుకుని నిలబడ్డాడు. “పిలువరాదు, పొద్దు గూకుతున్నది,” అన్నాడు.

పిలిచాను. నాలుక ఆడించి నా పిలుపు పిలిచాను. బొల్లీ, రాయే. గుట్ట విన్నది, అది వినలేదు. మళ్ళీ పిలిచాను. దాని చెవి కదలలేదు. కింద మంద బెదురుతోంది. అది రాకపోతే తక్కినవి దొడ్డిలో నిలవవు.

చుట్టూ చూశాను. నా భర్త తప్ప ఎవరూ లేరు. సిగ్గు చంపుకుని గొంతు సాగదీశాను.

“బంగారీ... రావే!”

తల ఇటు తిరిగింది. రాళ్ళ మీద గిట్టల చప్పుడు. దిగింది. నేరుగా నా దగ్గరికి వచ్చి నా చేతులు వాసన చూసింది, ముందు ఎడమది, తర్వాత కుడిది. చెంగు వాసన చూసింది. అక్కడేమీ లేదు. నా ముఖం వైపు కాకుండా నా వెనకాల దారి వైపు చూసి, దొడ్డిలోకి పోయింది.

“నీ గొంతు జర ఆమె తీర్గనే ఉన్నది,” అన్నాడు నా భర్త, మెచ్చుకుంటున్నట్టుగా. ఆ రోజు ఆయనతో మళ్ళీ మాట్లాడలేదు.

మర్నాడు ఉన్ని పట్టుకుని సూర్యాపేట అంగడికి పోతూ, ఏమన్నా తేవాలా అని అడిగాడు.

“తవుడు,” అన్నాను. “ఒక మూటెడు.”

“ఎవలికి?”

“నాకే,” అన్నాను.